హైమవతి కంప్యూటరు: స్థిరమా, చరమా?

ఈ లోకంలో వస్తువులన్నీ రెండే రకాలని మా కాలువ గట్ల సంస్థ నమ్మకం. ఉన్నచోట ఉండేవి స్థిరాస్తులు, ఉన్నచోట ఉండనివి చరాస్తులు. ఈ రెంటిలోకీ రానిది ఏదైనా ఉంటే అది మా సంస్థ ఉద్యోగి ఇంట్లో ఉండకూడదు. ఉద్యోగి ఏది కొన్నా అది ఏ రకమో ముందుగా తేల్చుకుని, అనుమతి పొంది, ఆ తర్వాతే షాపుకు వెళ్లాలి.

ఈ నిబంధనను తేలిగ్గా తీసుకున్నవాళ్లు బాగుపడలేదు. మా ఆఫీసులో సుబ్బరాజు అని ఒక గుమాస్తా ఉండేవాడు. అతను అనుమతి లేకుండా పిండి రుబ్బే గ్రైండరు కొన్నాడు. అది తిరుగుతుంది గాని కదలదు. తిరిగేదాన్ని ఏమనాలో తేలేదాకా గ్రైండరును సీలు వేసి స్టోరుగదిలో పెట్టారు. సుబ్బరాజు రిటైరయ్యాడు. గ్రైండరు ఇంకా సర్వీసులోనే ఉంది.

అలాంటి సంస్థకు ఒక కొత్త మేనేజింగ్ డైరెక్టరు వచ్చారు. ఆయన ఏదో చల్లటి ఊళ్లో శిక్షణకు వెళ్లొచ్చి, ఆ సంవత్సరాన్ని 'గృహ గణన చైతన్య సంవత్సరం'గా ప్రకటించారు. ప్రతి ఉద్యోగి ఇంట్లోనూ కంప్యూటరు ఉండి తీరాలి. డెస్క్‌టాపో, ల్యాప్‌టాపో ఏదో ఒక్కటే ఉండాలి. ఒకసారి ఎంచుకున్నాక రిటైరయ్యేదాకా మార్చకూడదు. ఎందుకు మార్చకూడదని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఉన్నవాళ్లను మా సంస్థ మొదట్లోనే దూరపు గట్లకు పంపేస్తుంది.

నిజం చెప్పాలంటే ఆ సర్క్యులరు చూసి నేను సంతోషించాను. అప్పటికే మా ఇంట్లో కంప్యూటరు అవసరం పడింది. మా ఆవిడ హైమవతి లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్లికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పేది. నన్ను ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి బదిలీ చేసినప్పుడల్లా ఆవిడ ఉద్యోగం వదులుకుని, చివరికి వెతకడమే మానేసింది. ఇన్నేళ్లకు హైదరాబాదు కంపెనీ ఒకటి, ఇంటి నుంచే పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఆవిడను ఎంచుకుంది. వచ్చే ఒకటో తారీఖున మొదటి క్లాసు. ఇంట్లో సొంత కంప్యూటరు ఉండాలన్నది ఒక్కటే షరతు. ఇది పోతే ఈ వయసులో మళ్లీ ఇలాంటిది రాదని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

"ఏవండీ, ఏది కొందాం? డెస్క్‌టాప్ అయితే తెర పెద్దది, పిల్లల మొహాలన్నీ కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా క్లాసు ఆగదు," అంది హైమవతి.

ఈ విషయంలో ఇంతకుమించి ఆలోచించాల్సింది లేదని అమలాపురం షాపతను కూడా అన్నాడు. పాపం, అతనికి మా సంస్థ సంగతి తెలియదు. పిల్లల మొహాలు కనిపించడమే ముఖ్యమని ఆవిడ డెస్క్‌టాప్ వైపు మొగ్గింది. నేను దరఖాస్తు పట్టుకుని ఆస్తుల విభాగానికి వెళ్లాను.

ఆ విభాగం సూపరింటెండెంటు వరహాలరావు గారు. ఆయన మాట్లాడితే మెమో చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారట.

"సదరు డెస్క్‌టాప్ కదులునా, ముక్తేశ్వరరావు గారూ?" అన్నారు.

"కదలదండి. ఎవరైనా కదిపితే కదులుతుంది."

"కొబ్బరిచెట్టును కూడా పీకి మరొకచోట నాటవచ్చును. అంతమాత్రాన అది చరాస్తి కాలేదు."

"దీనికి వేర్లు ఉండవు కదండీ."

"గోడలోనుండి కరెంటు పీల్చుకొనుచున్నదా లేదా? చెట్టు నేలలోనుండి పీల్చుకొనుట లేదా? కావున స్థిరాస్తి. దస్తావేజు నమూనా ప్రకారం వివరములు చెప్పండి."

మా దగ్గర స్థిరాస్తికి ఒకటే నమూనా ఉంది. అది పొలానిది. జల తరు పాషాణ నిధి నిక్షేపాలతో సహా అన్నీ నింపాలి.

"జలము?" అన్నారు ఆయన.

"నీళ్లు పడితే పాడైపోతుందండి."

"జలము: ముంపు ప్రాంతము," అని రాసుకున్నారు. "తరువులు?"

నాకు తోచలేదు. తెర వెలిగించగానే ఒక చెట్టు బొమ్మ వస్తుందని షాపులో చూసిన గుర్తు. అదే చెప్పాను.

"ఫలసాయమున్నదా?"

"లేదండి."

"నీడచెట్టు. నిధి నిక్షేపములు?"

"లోపల ఏముందో మనకు తెలియదండి."

"తవ్వకాలలో ఏది బయటపడినను సంస్థకు అప్పగింతునని హామీ వ్రాయండి," అన్నారు. నేను రాసి సంతకం పెట్టాను. పాషాణాలు లేవని చెబితే ఆయన ఒక పట్టాన నమ్మలేదు.

తర్వాత సర్వే. తాతబ్బాయి అనే సర్వేయరు గట్లు కొలిచే గొలుసు భుజాన వేసుకుని మా క్వార్టరుకు వచ్చాడు. కంప్యూటరు ఇంకా కొననే లేదు గనక, అది కూర్చోబోయే బల్లను కొలవాలి. గొలుసు మా హాలు కంటే పొడుగు. రెండో కొసను పక్క క్వార్టరులో ఉండే కామరాజు గారు పట్టుకున్నారు. పట్టుకున్నాక ఎందుకని అడిగారు. చెప్పగానే కొస వదిలేసి మా ఇంటికొచ్చి, ఆ బల్ల దగ్గరి కుర్చీలో కూర్చున్నారు.

"రోజూ పొద్దున్నే మీ పేపరు ఈ బల్ల మీదే కదండీ చదువుతాను. ఎన్నేళ్ల నుంచి చదువుతున్నానో మీకే తెలుసు. నాకిక్కడ అనుభవ హక్కుంది. అలా రాసుకోవయ్యా తాతబ్బాయీ," అన్నారు.

తాతబ్బాయి చిక్కుల్లో పడలేదు. తూర్పున ఇడ్లీ పాత్ర, పడమట గోడ, ఉత్తరాన హైమవతి కుట్టుమిషను, దక్షిణాన కామరాజు గారు అని హద్దులు రాసేశాడు.

"హద్దులు జరక్కూడదండి. జరిగితే కేసవుద్దండి," అన్నాడు.

"ఇడ్లీ పాత్ర ఇక్కడే ఉంటే నేను ఇడ్లీలు ఎక్కడ వెయ్యనయ్యా?" అంది హైమవతి.

"ఆయ్, ఏసుకోండమ్మా. ఏసేసేక మళ్లీ ఇక్కడే పెట్టెయ్యండి. తవరు మాత్రం కదలమాకండి కామరాజు గారూ."

దక్షిణపు హద్దు భోజనానికైనా వెళ్లి రావచ్చా అని హైమవతి అడిగింది. ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాడు తాతబ్బాయి. వెళ్లబోతూ, కంప్యూటరుతోపాటు ఇంకేమైనా వస్తాయా అని వాకబు చేశాడు. మౌస్ అని ఒకటి వస్తుందని, బల్ల మీద అటూ ఇటూ తిరుగుతుందని చెప్పాను.

"తిరుగుద్దా? స్థిరాస్తి మీద తిరిగేదేటండి?"

"దానికి తీగ ఉంటుందిలే. తీగ పొడుగున్నంత మేరే తిరుగుతుంది."

"అంటే కట్టేసుంటదన్నమాట. మేతకొచ్చే పశువుల్లో రాసేత్తానండి," అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి కామరాజు గారికి మా ఇంట్లోనే కుర్చీలో అన్నం పెట్టాం.

ఇంత సవ్యంగా నడిచిన ఫైలు న్యాయ సలహాదారు దగ్గర అడ్డం తిరిగింది. క్వార్టరు సంస్థది. సంస్థ స్థలంలో ఉద్యోగి స్వంత స్థిరాస్తి వెలిస్తే దాన్ని ఆక్రమణ అంటారు. ఆక్రమణ ఎందుకు తొలగించకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. కంప్యూటరు ఇంకా కొనలేదని జవాబిచ్చాను. 'కొనని ఆక్రమణను తక్షణమే తొలగించి నివేదించవలెను' అని మళ్లీ వచ్చింది. తొలగించానని నివేదించాను. తాతబ్బాయి వచ్చి, బల్ల ఖాళీగా ఉండడం కళ్లారా చూసి, తొలగింపు సంతృప్తికరమని రాసుకుని, కామరాజు గారిని విడుదల చేశాడు.

"మిగిలింది ల్యాప్‌టాపే కదండీ. అదే తీసుకుందాం. తెర చిన్నదైనా ఫరవాలేదు, కళ్లజోడు మార్చుకుంటాను," అంది హైమవతి. ఆవిడ అప్పటికే మొదటి పాఠం తయారుచేసుకుంది. భిన్నాలు. వంట చేస్తూ ఎదురుగా కూర్చున్న పిల్లలతో మాట్లాడుతున్నట్టు గోడతో మాట్లాడుకునేది. అది వింటూ నేను క్యాలెండరు వైపు చూసేవాణ్ణి, ఎందుకంటే నెలాఖరు దగ్గరకొచ్చేసింది.

ఈలోగా ఆఫీసు రెండుగా చీలింది. పై అంతస్తులో స్థిర విభాగం, కింద చర విభాగం పెట్టారు. క్యాంటీన్లో స్థిరం వాళ్లు కూర్చుని టీ తాగేవారు, చరం వాళ్లు నిలబడి తాగేవారు. స్థిరం వాళ్లమ్మాయికీ చరం వాళ్లబ్బాయికీ కుదిరిన సంబంధం, పెళ్లయ్యాక ఇంట్లో ఏ కంప్యూటరు ఉండాలన్న దగ్గర చెడిపోయింది. ఇంతా చేసి అప్పటికి మా సంస్థలో ఏ ఒక్కరి ఇంటికీ ఏ రకం కంప్యూటరూ రాలేదు.

చర విభాగం అధికారిణి ఇందుమతి గారు. ఆవిడ మనిషి మర్యాదస్తురాలు. నన్ను కూర్చోమన్నారు కూడా, తర్వాత తమది చర విభాగమని గుర్తొచ్చి నిలబడమన్నారు.

"చరము అనగా చలించునది. చలించునది వాహనము. దీనిని ఎవరు నడుపుదురు?"

"అది తనంతట తాను కదలదండి."

"ఎడ్లబండి కూడా తనంతట తాను కదలదు. ఎవరు నడుపుదురు అన్నదే ప్రశ్న."

"మా ఆవిడండి. పడగ్గదిలోంచి హాల్లోకి తెచ్చుకుంటుంది, అంతే."

"అంతే అనకండి. అది ప్రయాణము. ప్రయాణము చేయించువారికి లైసెన్సు ఉండవలెను. ఎల్లుండి మైదానమునకు పంపండి. ఎనిమిది వేయవలసి యుండును."

మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది అంకె గీశారు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి హైమవతి చేతికిచ్చి, దాని వీపు మీద ఎర్రటి ఎల్ బోర్డు అంటించారు. ఇందుమతి గారు కుర్చీ వద్దని ఎండలో నిలబడ్డారు. రెండు విభాగాల వాళ్లూ చూడ్డానికి వచ్చారు. స్థిరం వాళ్లు చాపలు తెచ్చుకున్నారు.

హైమవతి చీర కుచ్చిళ్లు సర్దుకుని, ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని, గీత తొక్కకుండా ఆ ఎనిమిది చుట్టూ నడిచింది. ఒక్కచోట కూడా తొట్రుపడలేదు. మలుపుల దగ్గర చేతులు ఖాళీ లేక తలతో సైగ చేసింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఉద్యోగిని గనక కొట్టలేదు.

"ఫెయిల్," అన్నారు ఇందుమతి గారు.

"ఎందుకండీ?" అంది హైమవతి.

"కాలు కింద పెట్టారు."

"కాలు కింద పెట్టకుండా ఎలా నడుస్తారండీ?"

"అది అభ్యర్థి చూసుకోవలసిన విషయమమ్మా. ద్విచక్ర వాహనములకున్న నిబంధనే దీనికీ వర్తించును. పరీక్ష ముగియు వరకు కాలు నేలకు తగులరాదు. మరల వచ్చే నెల రావచ్చును."

ఇద్దరం ఇంటికి బయల్దేరాం. ఊళ్లో నలుగురి ముందూ ఆవిడను అలా తిప్పించినందుకు నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలని, వచ్చే నెల మళ్లీ వెళ్దామా అన్నాను.

"ఎగరడం వచ్చాక వెళ్దాంలెండి," అంది.

మా ఫైలు మేనేజింగ్ డైరెక్టరు దాకా వెళ్లింది. చైతన్య సంవత్సరం సగం గడిచినా ఫలితం లేకపోవడంతో ఆయన రెండు విభాగాలనూ కలిపి సమావేశం వేశారు. నన్నూ హైమవతినీ రమ్మన్నారు. అది నెలాఖరు రోజు. తెల్లవారితే ఒకటో తారీఖు.

"మిత్రులారా, ఇంతవరకు మనం యంత్రం కోణం నుంచి ఆలోచించాం. అదే మన లోపం. లబ్ధిదారు కోణం నుంచి ఆలోచించాలి," అన్నారు ఆయన. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కూడా ప్రాణం లేచొచ్చింది.

"సమతుల్యత అనేది ప్రకృతి సూత్రం. స్థిరమైన మనిషికి చర యంత్రం, చరమైన మనిషికి స్థిర యంత్రం ఇవ్వాలి. కనుక ముందుగా ఈ లబ్ధిదారు స్థిరమో చరమో సభ తేల్చాలి."

వరహాలరావు గారు లేచారు. "సదరు మహిళ దీర్ఘకాలముగా సంస్థ క్వార్టరులోనే యున్నారు. ఉద్యోగము లేదు. ఊరు దాటిన దాఖలా లేదు. ఇడ్లీ పాత్రకు ఉత్తరముగా, కుట్టుమిషనుకు దక్షిణముగా సర్వేయరుకు కనబడినారు. కావున స్థిరము."

"అభ్యంతరము," అన్నారు ఇందుమతి గారు, ఎలాగూ నిలబడే ఉన్నారు. "ఈమె పుట్టింటి నుండి మంచము, బీరువాలతో సహా తరలించబడినారు. తరువాత భర్తతోపాటు గట్టు గట్టుకూ మార్చబడినారు. ఎక్కడికి మార్చినను అభ్యంతరము తెలుపలేదు. చరాస్తికి ఇంతకంటె లక్షణమేమి కావలెను?"

మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. హైమవతి వాళ్లకెదురుగానే కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. ఎదుట మనిషి ఉన్నా కాయితం వైపే చూడడం మా ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. నేనేమైనా అనాలని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. సవరించుకోవడంతోనే ఆగిపోయాను.

టీ విరామంలో ఆవిడ ఫోను మోగింది. కంపెనీ వాళ్లు. కంప్యూటరు వచ్చిందా అని అడిగారు. రాలేదని ఉన్నమాట చెప్పింది. కాసేపు అవతలి మాట విని, సరేనండి అని పెట్టేసి, నన్ను పక్కకు పిలిచింది.

"రాజమండ్రిలో వాళ్ల సెంటరు ఉందట. అక్కడ కంప్యూటర్లున్నాయి, పక్కనే ఆడవాళ్ల హాస్టలు ఉంది. రేపు సాయంత్రం క్లాసుకు నేనక్కడ ఉండాలి," అంది. టీ గ్లాసు కింద పెట్టి, "వెళ్లనా అని అడగడం లేదండీ. వెళ్తున్నానని చెబుతున్నాను," అంది.

నాకు భయమేసింది. ఆ వెంటనే సంతోషం కూడా వేసింది. ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే భిన్నాల పుస్తకం నేనే అందించి, బస్సెక్కించి, తిరిగి సమావేశానికి వచ్చేసరికి వాళ్లింకా వాదించుకుంటూనే ఉన్నారు. ఖాళీ కుర్చీ చూసి డైరెక్టరు గారు ఏమైందని అడిగారు. చెప్పాను.

"స్థిరమైనది వెళ్లజాలదు. ఇది వెళ్లినది. కనుక చరము," అని తీర్పు చెప్పారు ఆయన. చర విభాగం వాళ్లు నిలబడే మిఠాయిలు పంచుకున్నారు.

వారం తిరక్కుండానే నాకు మెమో వచ్చింది. 'తమ అధీనములోని చరాస్తి ముందస్తు అనుమతి లేకుండ ప్రధాన కేంద్రము విడిచి వెళ్లుటకు గల కారణములు తెలుపవలెను.' నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. సర్వీసులో మొదటిసారి చిత్తుప్రతి రాసుకోకుండా జవాబు రాశాను. ఆమె నా ఆస్తి కాదు, అని ఒక్క ముక్క. మర్నాటికే ఇంకో మెమో వచ్చింది. 'అయినచో ఎవరి ఆస్తియో స్వంతదారు పేరుతో సహా తెలియజేయవలెను. స్వంతదారు లేని ఆస్తి నిబంధనల మేరకు సంస్థకు చెందును.'

రాత్రికి ఫోను చేశాను. ముందు క్షేమసమాచారాలు అడిగాను. అక్కడ డెస్క్‌టాప్ ఇచ్చారా, ల్యాప్‌టాపా అని కూడా అడిగాను.

"సరిగ్గా చూడలేదండీ. పిల్లల్ని చూశాను," అంది హైమవతి. ఆవిడ గొంతు అలా విని ఎన్నాళ్లయిందో. తర్వాత మెమో చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.

"మీరేం రాయకండి. బుధవారం పొద్దున క్లాసు లేదు, నేనే వస్తాను," అంది.

బుధవారం ఆవిడ వచ్చింది. నేరుగా ఆస్తుల విభాగానికి వెళ్లాం. వరహాలరావు గారి బల్ల మీదున్న కాయితం తీసుకుని, నిలబడే రెండు వరుసలు రాసి, సంతకం పెట్టి ఆయన ముందుంచింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివారు.

"సదరు ఆస్తి... హైమవతి. స్వంతదారు... హైమవతి." ఆయన తలెత్తారు. నాకు తెలిసి ఆవిడ వైపు ఆయన చూడడం అదే మొదటిసారి. "తమకు తామే స్వంతదారులా అమ్మా?"

"అవునండి."

"అందుకు రుజువేమైనా జతపరచినారా?"

హైమవతి గోడ గడియారం చూసింది. "సాయంత్రం క్లాసుందండి. రాజమండ్రి బస్సుకు టైమైపోతోంది," అని సంచీ భుజాన వేసుకుంది. నాకు వెళ్లొస్తానని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

వరహాలరావు గారు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించినంతసేపూ విన్నారు. అది ఆగాక కలం టోపీ తీసి, ఆవిడ సంతకం కింద నెమ్మదిగా రాశారు: 'విచారించడమైనది. ఆస్తి స్వంతదారు స్వాధీనములోనే యున్నది.'